కోరంగి బోటులోంచి నక్క, గరుడ పక్షి: ఫొటోలన్నీ మట్టిరంగులో కలిసిపోతున్నాయి

పల్లం_రేవు:

అందరికీ నమస్కారమండి. కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవుల్లో బోటు మీంచి చచ్చిన చేపల కోసం, పీతల కోసం వచ్చే వాటినే తీస్తున్నాను. ముఖ్యంగా నక్క, గరుడ పక్షి, నల్లగద్ద. అప్పుడప్పుడూ ఉడుము. 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సరు) కెమెరా బాడీ, 150-600 ఎంఎం జూమ్ లెన్సు, అన్నీ రా ఫైళ్లే (కెమెరా చెయ్యి పడని ముడి ఫైళ్లు). ఎడిటింగ్ లైట్‌రూమ్‌లో.

నక్క చెట్ల నీడలో ఉంటే బొచ్చంతా పచ్చగా, బూడిదగా వస్తోంది. బురదా అదే రంగు, నక్కా అదే రంగు. ఎడిటింగ్‌లో నీడల వెలుతురు పైకి లాగితే గింజ గింజగా అయిపోతోంది.

గరుడ పక్షి తల, రొమ్ము తెల్లటి ముద్దలా పేలిపోతున్నాయి. తల కాపాడదామని ఎక్స్‌పోజర్ తగ్గిస్తే రెక్కలు నల్లబడుతున్నాయి.

మూడోది అసలు అర్థం కానిది. స్క్రీన్ మీద చిన్నగా చూస్తే బాగానే ఉంటుంది, 100 శాతానికి పెంచితే ఎక్కడా పదును లేదు. షట్టర్ సెకనులో 1/800 వంతు పెట్టినా అంతే. ఇది లెన్సు తప్పా, నా చేతి తప్పా, లేక ఎడిటింగ్‌లో సరిదిద్దుకోగలిగేదేనా? సెట్టింగులు అంకెలతో చెబితే మేలు చేసినవారవుతారు.

గెడపడవ:

ఎడిటింగ్ కాసేపు పక్కన పెట్టండి. మీ నక్క కష్టంలో సగం పోటు వేళది.

నీళ్లు పోటు మీదున్నప్పుడు మడచెట్ల మొదళ్ల దాకా వచ్చేస్తాయి. నక్కకి నిలబడే చోటు చెట్ల లోపలే. మీరేమో కొమ్మల సందుల్లోంచి, ఆకుల మీంచి దిగిన పచ్చటి వెలుగులో తీస్తారు. పాటు తీసినప్పుడు, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, గట్టు కింద ఒండ్రు బయటపడుతుంది. దాని మీద చిక్కుకున్న చేప కోసం, పీతల కోసం నక్క నీడ దాటి బయటికొస్తుంది. పైగా నీళ్లు దిగితే మీ బోటు కూడా దిగుతుంది కదా, గట్టు మీది నక్క మీ కంటి ఎత్తుకి వస్తుంది. పోటు మీద తీస్తే మీరు పైనుంచి చూస్తున్నట్టు, దాని వెనక బురదే గోడలా ఉంటుంది. పాటు మీద తీస్తే వెనక్కి దూరాన ఉన్న చెట్లు పడతాయి, అవి మెత్తగా కరిగిపోతాయి. నక్క, బురద ఒకే రంగులో కలిసిపోవడానికి మందు అదేనండి. ఏ స్లైడరూ ఆ పని చేయలేదు.

వేళ ఎలా పట్టుకోవాలంటే: రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. అంటే ఈ ఆదివారం ఉదయం 7కి పాటు ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకి దాదాపు పోటు. "పోయిన వారం ఇక్కడే కనపడింది" అనుకుని అదే గంటకి వెళ్లేవాళ్లు అందుకే ఖాళీ చేతులతో వస్తారు. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ల పోటు పట్టికలో కాకినాడ వేళలు చూసుకోండి. కాలువల లోపలికి వెళ్లేకొద్దీ నీళ్లు కాస్త ఆలస్యంగా కదులుతాయి, అది కూడా కలుపుకోవాలి. అమావాస్యకి, పౌర్ణమికి బురద ఎక్కువ బయటపడుతుంది, అష్టమి ప్రాంతంలో తక్కువ. కానీ ఆ పెద్ద పాటు మీకు కావలసిన పొద్దుటి వేళకే పడుతుందని ఏమీ లేదు. పొద్దుటి ఎండా పెద్ద పాటూ రెండూ ఒకే రోజు కుదరకపోతే నేనైతే ఎండనే ఎంచుకుంటాను.

నీళ్లు మూడో వంతు మిగిలాక కాలువలోకి వెళ్లి, పోటు ఎక్కడం మొదలుపెట్టగానే తిరగండి. ఇంకా కిందికి తీశాక వెళ్తే బోటు ఒండ్రులో కూర్చుంటుంది. మళ్లీ పోటు లేపేదాకా దోమలతో కాలక్షేపమే.

ఇక కెమెరా.

మోటారు తిరుగుతున్నంతసేపు 600 దగ్గర 1/1000 కి తగ్గకండి. లెన్సుని బోటు అంచుకి ఆనించొద్దు, మోటారు అదురంతా నేరుగా అందులోకే ఎక్కుతుంది. మోకాలి మీద మోచెయ్యి పెట్టుకోండి, లేదా ఊక నింపిన చిన్న గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని దాని మీద ఆనించండి. మోటారు ఆపించి గెడ వేయించుకుంటే, నక్క నిలబడి ఉన్నప్పుడు 1/500 కూడా సరిపోతుంది. ఆ ఒక్క స్టాప్ (రెట్టింపు వెలుగు) నీడలో చాలా విలువైనది. నీడలో లెన్సు రంధ్రం ఎఫ్/6.3, షట్టర్ 1/500 పెడితే ఐఎస్ఓ (సెన్సర్ సంకేతాన్ని పెంచే అంకె) 2000 నుంచి 4000 మధ్య పడుతుంది. అది చూసి భయపడి 800 పెట్టి, తర్వాత ఎడిటింగ్‌లో రెండు స్టాపులు లేపుతారు చాలామంది. మీ గింజల్లో కొన్ని అక్కడివే. తక్కువ ఐఎస్ఓ పెట్టడం వల్ల సెన్సర్ మీద పడే వెలుగు పెరగదు కదా. ఐఎస్ఓ పెరిగినా సరే, హిస్టోగ్రామ్ (వెలుగు నీడల పంపకం చూపే గ్రాఫ్) కుడి గోడ తగలకుండా ఎంత కుడికి వస్తే అంత వెలుతురుగా తీసి, తర్వాత తగ్గించుకోండి.

ఫోకస్ సంగతి: 600 దగ్గర, 25 మీటర్ల దూరానికి, ఎఫ్/6.3 లో స్పష్టంగా ఉండే లోతు మూరెడు కూడా ఉండదు. నక్క మూతికీ తోకకీ మధ్య అంతకంటే ఎక్కువే. మడచెట్ల ఊపిరి వేళ్లు బురదలోంచి మేకుల్లా లేచి ఉంటాయి, కెమెరా వాటినే పట్టుకుంటుంది. వెడల్పు ఏరియా వద్దు. చిన్న పాయింటు ఒక్కటి పెట్టి కళ్ల మధ్య ఉంచండి. కన్ను పట్టే సదుపాయం ఉన్నా, వేళ్ల మధ్య అది తడబడుతుంది.

గరుడ పక్షికి ఆటో వదిలేసి మాన్యువల్ పెట్టండి. ఎందుకంటే అది ఒక క్షణం తెల్లటి ఆకాశం ముందు, మరుక్షణం నల్లటి మడచెట్ల ముందు ఎగురుతుంది. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు వెనకున్నదాన్ని బట్టి మారిపోతుంది గాని పక్షి మీద పడే ఎండ మారదు. మబ్బు లేని ఉదయం 8 గంటల ప్రాంతంలో ఎఫ్/6.3, 1/2000, ఐఎస్ఓ 500 తో మొదలుపెట్టండి. ఎండలో నిలబడ్డ తెల్లకొంగ కనిపిస్తే దాన్ని ఒకటి తీసి చూడండి. కొంగ రెక్క మీద తెలుపు పేలిందని కెమెరా మినుకుమినుకుమంటూ చూపే హెచ్చరిక రాకపోతే గరుడ పక్షి తల కూడా నిలుస్తుంది. వస్తే ఐఎస్ఓ ఒక మెట్టు తగ్గించండి. ఎండ పైకెక్కే కొద్దీ అరగంటకొకసారి ఇదే కొంగ పరీక్ష చేసుకోండి.

రా_మేస్త్రి:

గెడపడవ గారు చెప్పినదాని మీద ఎడిటింగ్ వరస చెబుతాను. వరస మారితే ఫలితం మారుతుంది, అది గుర్తుంచుకోండి.

ముందు వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనపడేలా రంగులు సరిచేయడం. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు: ఐడ్రాపర్ (తటస్థ రంగు చూపించే సాధనం) తీసుకెళ్లి బురద మీద నొక్కుతారు, బూడిదరంగు కదా అని. కోరంగి ఒండ్రు బూడిద కాదండి, నీలం కలిసిన బూడిద. దాని మీద నొక్కితే లైట్‌రూమ్ ఆ నీలాన్ని చంపడానికి మొత్తం ఫొటోని పసుపు చేసేస్తుంది. అదే వెలుగులో ఉన్న తెల్లటిది ఏదన్నా కావాలి. నీడలో కొంగ ఉంటే దాని రెక్క, లేకపోతే నక్క గొంతు కింద ఉండే లేత బొచ్చు. అదీ దొరక్కపోతే టెంపరేచర్ (నీలం-పసుపు స్లైడరు) 6000-6500 దగ్గర పెట్టి, టింట్ (పచ్చ-మెజెంటా స్లైడరు) మెజెంటా, అంటే ముదురు గులాబీ వైపు +8 నుంచి +15 జరపండి. పచ్చదనం ఆకుల్లోంచి వడకట్టుకొచ్చిన వెలుగుది, టెంపరేచర్ తిప్పితే పోదు. టింట్‌తోనే పోవాలి. బొచ్చు వెన్నెముక దగ్గర నలుపు, పక్కల గోధుమ, కాళ్ల దగ్గర కాస్త ఎర్రమట్టి రంగు విడివిడిగా కనపడటం మొదలవగానే ఆపేయండి. నక్క సగం ఎండలో సగం నీడలో ఉంటే నీడ సగానికి మాస్క్ (ఆ భాగాన్నే ఎంచుకోవడం) వేసి అక్కడే మార్చాలి, మొత్తానికి మారిస్తే ఎండ సగం గులాబీ అయిపోతుంది.

రెండోది నాయిస్, అంటే ఆ గింజలు. దీన్ని మిగతా రంగులు, నీడలు తాకకముందే చేయండి. ఏఐ డీనాయిస్ 50 దగ్గర తెరుచుకుంటుంది, అక్కడే వదిలేస్తే నక్క ముక్కు మీది బొచ్చు ప్లాస్టిక్ బొమ్మలా నున్నబడుతుంది. 30-40 చాలు. చూడాల్సింది మీసాలు, చెవి అంచులోని వెంట్రుకలు. అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటే ఎక్కువైనట్టు. కాస్త గింజ మిగిలినా పర్వాలేదు. డబ్బు పెట్టలేనివాళ్లకి డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితం, పని కాస్త నెమ్మది.

గరుడ పక్షికి: ముందు హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) -40 నుంచి -60. ఈకల గీతలు తిరిగొస్తే మంచిది. రాలేదంటే ఎరుపు, పచ్చ, నీలం మూడు చానళ్లూ నిండిపోయాయన్నమాట. అక్కడ సమాచారమే లేదు, ఎంత లాగినా తెలుపు కాస్తా బూడిద మచ్చవుతుంది తప్ప ఈక రాదు. ఆ ఫొటో పక్కన పెట్టేయడమే. రెక్కల కింది భాగానికి షాడోస్ +20, మహా అయితే +30. +80 పెడితే పక్షి లోపల లైటు వెలిగించినట్టుంటుంది.

దాని ఇటుకరంగు జోలికి సాచురేషన్‌తో (రంగు గాఢత) వెళ్లొద్దు. గ్రూపుల్లో కనిపించే గరుడ పక్షులు సగం నారింజపండు రంగులో ఉంటున్నాయి. ఆ పక్షి రంగు కాల్చిన ఇటుకది, నారింజది కాదు. కావాలంటే ఆరెంజ్ చానల్‌లో ల్యూమినెన్స్ (ఆ రంగు వెలుతురు) -5 నుంచి -10 తగ్గించండి. రంగు చిక్కబడుతుంది, అరవదు.

మాస్కులకి "సబ్జెక్ట్ ఎంచు" వాడితే ఎగిరే పక్షికి రెక్క చివర వేళ్లలా విడిపోయిన ఈకల మధ్య ఆకాశం కూడా మాస్క్‌లోకి వచ్చేస్తుంది. పక్షిని అర స్టాప్ లేపగానే ఆ సందుల్లో తెల్లటి మచ్చలు పడతాయి. 200 శాతానికి పెంచి, ఎరేజర్ బ్రష్ ఫెదర్ (అంచు మెత్తదనం) 20 పెట్టి ఆ సందులు తుడవాలి. ఐదు నిమిషాల పని, కానీ చూసేవాళ్లు ముందు పట్టేసేది అదే. నక్కకైతే కన్ను: ఎక్స్‌పోజర్ +0.3, అంతకు మించొద్దు. దాని కన్ను తేనెరంగు. ఇంకా లేపితే టార్చి పడ్డట్టుంటుంది.

వెనక బురద, వేళ్లు గోల చేస్తుంటే బ్యాక్‌గ్రౌండ్ మాస్క్ వేసి ఎక్స్‌పోజర్ -0.3, టెక్స్చర్ (సన్నటి వివరాల స్లైడరు) -20. బ్లర్ వెయ్యొద్దు. నక్క కాళ్ల చుట్టూ ఉన్న నాలుగు వేళ్లు పదునుగా, వాటి పక్కవి ఒక్కసారిగా మబ్బుగా ఉంటే అతికించినట్టు తెలిసిపోతుంది.

పదును చివరన: అమౌంట్ 60, రేడియస్ 0.8, డిటైల్ 25, మాస్కింగ్ 70. మాస్కింగ్ జరిపేటప్పుడు ఆల్ట్ కీ నొక్కిపట్టండి, స్క్రీన్ నలుపు తెలుపుల్లోకి మారుతుంది. తెల్లగా కనిపించేచోటే పదును పడుతుంది. ఆకాశం, నీళ్లు పూర్తి నల్లగా ఉండాలి. క్లారిటీ (అంచుల్ని ఎత్తి చూపే స్లైడరు) పక్షి మొత్తానికి పెడితే ఆకాశం అంచున నల్లగీత, దాని పక్కన తెల్లగీత వస్తాయి, కాబట్టి ముఖం మీద మాత్రమే టెక్స్చర్ +15.

క్రాప్ సంగతి: మీ 24 మెగాపిక్సెళ్లలో పొడవు సగం, వెడల్పు సగం కోస్తే మిగిలేది 6. ఆన్‌లైన్‌కి ధారాళం, ఏ4 ప్రింటుకీ పనికొస్తుంది. అంతకంటే కోయాల్సి వస్తే ఆ ఫొటో దూరం నుంచి తీసిందని ఒప్పుకుని, చుట్టూ ఉన్న మడ అడవిని కూడా ఉంచి చూపించండి. ఎగుమతి ఎస్ఆర్‌జీబీ, పొడవు వైపు 2048 పిక్సెళ్లు, క్వాలిటీ 80-85. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, ఫొటోగా పంపితే ఇప్పటిదాకా చేసిందంతా అది నలిపేస్తుంది.

పల్లం_రేవు:

చాలా థాంక్సండి ఇద్దరికీ. బురద మీద ఐడ్రాపర్ నొక్కుతున్నది నేనే. రెండు ప్రశ్నలు. మోటారు ఆపమంటే పడవ ప్రవాహానికి కొట్టుకుపోతుంది కదా, అప్పుడెలా? దూరంగా ఉన్న గద్దలకి డీహేజ్ (మసక తీసే స్లైడరు) వాడొచ్చా? మూడో సమస్య, ఆ పదును లేకపోవడం, దాని మీద ఎవరూ చెప్పలేదు.

ఉప్పుగాలి:

మీ మూడో సమస్యకి ఒక చిన్న పరీక్ష ఉంది. కదలకుండా కూర్చున్న పక్షిని వరసగా 20 ఫ్రేములు తీయండి. ఇంటికెళ్లి అన్నీ 100 శాతంలో ఒకదాని తర్వాత ఒకటి చూడండి.

ఒక్కో ఫ్రేములో వెలుగు చుక్కలన్నీ ఒకే వైపుకి సాగి ఉంటే అది కుదుపు, షట్టర్ పెంచాలి. పక్షి మెత్తగా ఉండి ముందున్న వేరో, వెనకున్న ఆకో పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. ప్రతిసారీ వెనకే పదునుగా ఉంటే లెన్సుకి ఫోకస్ సవరణ కావాలి, అద్దం ఉన్న (డీఎస్ఎల్ఆర్) కెమెరాల్లో కొన్నిటికి ఆ మెనూ ఉంటుంది. అలా కాకుండా ఒక ఫ్రేములో తల బాగుండి తోక పోయి, ఇంకో ఫ్రేములో తోక బాగుండి తల పోయి, అంచులు నీళ్లలో చూసినట్టు వంకరపోతుంటే అది సెగ. బురద వేడెక్కి గాలి కదులుతోంది.

నా అనుమానం మీది సెగే. 1/800 కాదు 1/4000 పెట్టినా పోదు, ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయదు. ఎండ ఎక్కాక బయటపడ్డ బురద మీదుగా 600 తో 60 మీటర్ల దూరం తీయడం దండగ. దగ్గర పడండి, 20-25 మీటర్లలోవే తీయండి, లేదా చల్లటి వేళకి వెళ్లండి. నీళ్ల మీదుగా తీస్తే బురద మీదుగా తీసినదానికంటే కాస్త నయం. 20 ఫ్రేముల్లో ఒకటో రెండో బాగుండే వీలుంది కాబట్టి బర్స్ట్ (వరసగా తీయడం) మాత్రం మానకండి.

డీహేజ్ విషయంలో ఒక తేడా గమనించాలి. జనవరి పొద్దుటి మంచు, సముద్రం మీంచి వచ్చే తేమ, ఇవి ఫొటో మొత్తాన్ని ఒకే తీరున పాలిపోయేలా చేస్తాయి. వాటికి డీహేజ్ +10 నుంచి +15 పనిచేస్తుంది. దాటితే ఆకాశంలో నాయిస్ మచ్చలు, పక్షి చుట్టూ ముదురు అంచు. సెగకి డీహేజ్ వేస్తే వంకరలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, అంతే. ఇంకా చెప్పాలంటే జనవరి మంచులో నల్లగద్ద మసకగా ఉంటేనే అందం. దాన్ని తుడిచేసి మే నెల మధ్యాహ్నంలా చేయడం ఎందుకో నాకైతే తెలియదు.

ఇంకోటి. ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా బోటులోకి తెస్తే ముందు గాజు మీద చెమ్మ పడుతుంది. తుడిచినా మళ్లీ పడుతుంది, ఆ మెత్తదనాన్నీ లెన్సు తప్పనుకుంటారు. బ్యాగు జిప్ తెరవకుండా అరగంట, ముప్పావుగంట బయటి గాలికి ఉంచి అప్పుడు తీయండి.

గెడపడవ:

ప్రవాహం ప్రశ్నకి: దిగువకి తీసుకుపోయే నీళ్లని మీరే వాడుకోండి. నక్కకి ఎగువన 50 మీటర్ల దూరంలోనే మోటారు ఆపించండి. పడవ దానంతటదే నక్క వైపు జారుతుంది, గెడ కేవలం ముక్కు తిప్పడానికి, ఆపడానికి. మోటారుతో దగ్గరికెళ్లి అక్కడ ఆపితే, ఆ చప్పుడు ఆగడమే నక్కకి హెచ్చరిక. లేచి లోపలికి పోతుంది. పడవ జారుతున్నంతసేపు 1/800 ఉంచండి, గెడ దిగేసి నిలబడ్డాక 1/500 కి దిగండి. ఇదంతా నడిపేవాళ్లకి బయలుదేరకముందే చెప్పాలి, నక్క కనపడ్డాక సైగలు చేస్తే లాభం లేదు.

తంపర:

ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. కోడి వ్యర్థాలు నీళ్లలో విసిరి గద్దల్ని రప్పించి తీసే ఫొటోలు ఈమధ్య ఎక్కువయ్యాయి. చెయ్యొద్దండి. అభయారణ్యం అన్న సంగతి అటుంచితే, ఫొటోగా కూడా అది నాసిరకమే. పక్షులన్నీ ఒకే కోణంలో, పైనుంచి కిందికి, బోటు వైపే దూకుతాయి. కాళ్ల మధ్య తెల్లటి కోడి తోలు వేలాడుతుంటుంది. గరుడ పక్షి ఒండ్రు మీది చేపని ఎగురుతూనే కాళ్లతో ఎత్తుకుని గాల్లోనే తింటుంది, ఆ తీరు విసిరిన తిండి దగ్గర దొరకదు. రెండు రోజులు విసిరితే ఊరకుక్కలు అదే గట్టుకి అలవాటు పడతాయి, నక్క ఆ చోటు వదిలేస్తుంది.

మంచి చోట్లు కావాలంటే రొయ్యల చెరువు పట్టుబడి జరిగే రోజున గట్టు, ఎండుచేపలు ఆరబెట్టే ఇసుక, వేట పడవలు దిగే రేవు. అక్కడ పక్షులు వాటంతటవే వస్తాయి. రైతునో, చేపలవాళ్లనో అడిగి నిలబడండి. ఎండ మీ వీపుకి, గాలి కూడా మీ వీపుకే ఉండేలా చూసుకోండి. గద్దలు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి ముఖం మీ వైపు వస్తుంది. కాకినాడ వైపు పొద్దున్నే తూర్పుకి, సముద్రం వైపు తిరిగి తీస్తే అన్నీ నల్లటి నీడబొమ్మలే.

కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలండ్ ఇసుక మీద నక్క అడుగుజాడలు చూసి రాత్రిపూట వెళ్దామనుకునేవాళ్లకి: జనవరి నుంచి అక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. నక్కలు, కుక్కలు గుడ్లు తవ్వేది నిజమే, దృశ్యమూ గట్టిదే. కానీ టార్చి, ఫ్లాష్ పడితే ఒడ్డెక్కే తాబేలు వెనక్కి తిరిగిపోతుంది, పిల్లలు వెలుగు వైపు దారి తప్పుతాయి. ఆ ఫొటో వదిలేయండి.

పేర్ల విషయంలో చిన్న మాట. గరుడ పక్షి పిల్లకి తెల్లతల ఉండదు, ఒళ్లంతా గోధుమరంగే. దాన్ని నల్లగద్ద అని రాసేస్తుంటారు. తోక చూడండి: నల్లగద్ద తోక చివర చేపతోకలా చీలి ఉంటుంది, గరుడ పక్షిది గుండ్రం. ఈ తేడా తెలియాలంటే క్రాప్‌లో తోక కొయ్యకుండా ఉండాలి. జీవుల్ని నమోదు చేసే ఈబర్డ్‌, ఐనాచురలిస్ట్‌ సైట్లలో పెట్టేవాటికి రంగు ఎక్కువ తిప్పొద్దు, అడ్డొచ్చిన కొమ్మని చెరపొద్దు.

లంకగాలి:

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మన డెల్టాలో రాబందులు ఎక్కడన్నా దొరుకుతాయా?

తంపర:

డెల్టాలో వాటి కోసం తిరిగి పెట్రోలు తగలేసుకోకండి. పశువులకి వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు, వాటి కళేబరాలు తిన్న రాబందుల్ని దేశమంతటా కూల్చేసింది. 2006 లో ఆ మందుని పశువైద్యంలో నిషేధించారు. గోదావరి పరీవాహకంలోనే చూడాలంటే ఎగువకి, తెలంగాణలో ప్రాణహిత ఒడ్డున బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట. అక్కడ రాతి అంచుల మీద గూళ్లు పెట్టేవి, ఇప్పటికీ ఉన్నాయో లేదో కనుక్కుని వెళ్లండి. అటవీశాఖ అనుమతి తీసుకుని, గూళ్ల కాలంలో దూరం నుంచే. మళ్లీ అక్కడా ఇదే కథ: ఎండ ఎక్కితే రాతి మీంచి సెగ.

పల్లం_రేవు:

పాత ఫైళ్ల మీద ఉప్పుగాలి గారి పరీక్ష చేసి చూశానండి. 11 గంటలకి తీసిన బర్స్టులో తల ఒకదాంట్లో, తోక ఒకదాంట్లో. సెగే. అదే కాలువలో ఉదయం 7:20 కి తీసినవాటిలో ముక్కు మీది గీత కూడా లెక్కపెట్టొచ్చు. నక్క ఫైలుకి 6200, టింట్ +12, డీనాయిస్ 35 పెట్టాను. పచ్చ పోయింది, కానీ బురద ఇప్పుడు కాస్త ఊదాగా కనిపిస్తోంది.

రా_మేస్త్రి:

టింట్ నక్కకి సరిపోయింది, ఎండ పడ్డ బురదకి ఎక్కువైంది. మొత్తానికి +4 కి దించి, నీడ సగానికి వేసిన మాస్క్‌లో మిగతా +8 ఇవ్వండి. అప్పటికీ ఊదా ఉంటే పర్పుల్ చానల్ సాచురేషన్ -15. నక్క ఒంట్లో ఊదా ఉండదు కాబట్టి దానికేమీ కాదు.